పదకొండో నెల గొడవ: తినదు, పడుకోదు, చంక దిగదు

పాపకు పది పదకొండు నెలలు వచ్చేసరికి చాలా ఇళ్లలో నాలుగు ఫిర్యాదులు ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. మొన్నటిదాకా గిన్నెడు ఉగ్గు ఖాళీ చేసిన పిల్ల ఇప్పుడు రెండు ముద్దలకే మొహం తిప్పేస్తుంది. అర్ధరాత్రి లేచి నిలబడి ఏడుస్తుంది. అమ్మ బాత్రూమ్‌లోకి వెళ్లినా తలుపు దగ్గర కూలబడి గగ్గోలు పెడుతుంది. పక్క ఫ్లాట్‌లో అదే నెలలో పుట్టిన బాబు నడిచేస్తుంటే ఈమె ఇంకా సోఫా పట్టుకునే నిలబడుతోంది.

నాలుగింటికీ నాలుగు కారణాలు ఇంట్లోనే తయారుగా ఉంటాయి. తినకపోతే దిష్టి. పడుకోకపోతే పళ్లు. చంక దిగకపోతే 'మీరే అలవాటు చేశారు'. నడవకపోతే వాకర్ కొననందుకు. సరేనని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన తూకం వేసి, తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, 'బాగానే ఉంది, ఏ మందూ అక్కర్లేదు' అని పంపేస్తారు. ఇంటికొచ్చాక నానమ్మకు ఆ డాక్టరు మీదే అనుమానం వస్తుంది.

నానమ్మ చూసింది నిజమే, డాక్టరు చెప్పిందీ నిజమే. తొమ్మిదో నెల దాటాక ఒళ్లు పెరిగే వేగం తగ్గిపోతుంది, కదలికా తెలివీ పెరిగే వేగం హెచ్చుతుంది. తిండి తగ్గడం, నిద్ర చెడడం, అమ్మను వదలకపోవడం, చాలా వరకు ఈ ఒక్క మార్పు నుంచే వస్తాయి. అది తెలియక ఇల్లంతా అక్కర్లేని వాటి మీద టెన్షన్ పడుతుంది, పడాల్సిన ఒకటి రెండు మాత్రం చడీచప్పుడూ లేకుండా పక్కకు జారిపోతాయి. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగేది అలాంటి చోట్లే.

తూకం చెప్పే లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల ఎదుగుదల పట్టికలు విడుదల చేసింది. ఇవాళ మన అంగన్‌వాడీలో, డాక్టరు గదిలో వాడేవి అవే. 'అవి తెల్లవాళ్ల పిల్లల లెక్కలు, మనకు పనికిరావు' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ పట్టికల కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. అందులో మన దేశం ఉంది, కొలిచింది దక్షిణ ఢిల్లీ పిల్లల్ని.

ఆ పట్టికలో ఆడపిల్లల మధ్యస్థ బరువు (సగంమంది దీనికి పైన, సగంమంది కింద ఉంటారు) చూడండి. పుట్టినప్పుడు 3.2 కిలోలు, మూడు నెలలకు 5.8, ఆరు నెలలకు 7.3, తొమ్మిది నెలలకు 8.2, ఏడాదికి 8.9. అంటే మొదటి మూడు నెలల్లో 2.6 కిలోలు పెరిగిన పాప చివరి మూడు నెలల్లో పెరిగేది 700 గ్రాములే. నెలకు పావు కిలో కూడా కాదు. మధ్యలో జలుబు, జ్వరం తగిలితే ఒక నెలంతా ముల్లు కదలకపోవచ్చు. పైగా పాకుతూ, లేస్తూ, కూలబడుతూ రోజంతా తిరిగే పిల్లకు ఆ బుగ్గలూ తొడల మడతలూ కొంత తగ్గుతాయి. చుట్టాలు 'చిక్కిపోయిందే!' అనేది సరిగ్గా అప్పుడే.

ఏడాది పాప 7 కిలోల నుంచి 11.5 కిలోల దాకా ఎక్కడున్నా మామూలు హద్దుల్లో ఉన్నట్టే. అసలు చూడాల్సింది ఒక రోజు తూకం కాదు, పుట్టినప్పటి నుంచి ఎదుగుదల పట్టిక మీద వచ్చిన గీత. చిన్నగా పుట్టి, చిన్న గీత మీదే నిలకడగా వస్తున్న పాపకు ఏ లోటూ లేదు. పై గీత మీద వస్తూ వస్తూ రెండు మూడు నెలల్లో కింది గీతలోకి జారిందంటే, చూడటానికి బొద్దుగా ఉన్నా, డాక్టరు చూడాలి.

ఇప్పుడు గిన్నె సంగతి. తల్లిపాలు బాగా తాగుతున్న 9–11 నెలల పాపకు బయటి తిండి నుంచి రోజుకు కావాల్సింది సుమారు 300 కేలరీలు. చిన్న కప్పుడు పప్పన్నం, అందులో చెంచా నెయ్యి, ఒక ఉడికించిన గుడ్డు. రోజు మొత్తానికి లెక్క దాదాపు ఇక్కడే పూర్తవుతుంది. దాన్ని మూడు నాలుగు పూటలకు పంచితే పూటకు వచ్చేది నాలుగైదు ముద్దలు. పొట్ట కూడా అంతే. కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన, ఎనిమిదిన్నర కిలోల పాప పొట్టలో పావు లీటరు పడుతుంది. అందులో పాలకూ చోటుండాలి. మనం కలిపే గిన్నె మన కంటికి తగినట్టు ఉంటుంది, ఆమె పొట్టకు తగినట్టు ఉండదు.

ఇంకో సంగతి పప్పుకట్టు. 'పప్పుకట్టులోనే బలమంతా ఉంటుంది' అని పైన తేరిన నీళ్లు పాపకు పోసి, కింద పప్పు పెద్దవాళ్లు తింటారు. నిజానికి బలమంతా ఆ కింద మిగిలిన పప్పులోనే ఉంది. చారు నీళ్లు, పలచటి జావ పొట్టను నింపుతాయి, కేలరీలు ఇవ్వవు. ముద్ద చెంచాలోంచి జారిపోకుండా నిలవాలి. అలాగే తొమ్మిది పది నెలలు దాటినా అన్నీ మిక్సీలో మెత్తగా పేస్టులా చేసి పెడితే పిల్లకు నమలడం రాదు. తర్వాత పలుకు తగిలితే కక్కేస్తుంది. వేళ్లతో మెదిపిన అన్నం, చిదిపిన ఇడ్లీ, బాగా ఉడికిన క్యారెట్ ముక్క చాలు. పళ్లు లేకపోయినా చిగుళ్లతో నమిలేస్తుంది.

పైగా ఈ వయసులో బొటనవేలు, చూపుడువేలు కలిపి మెతుకు ఏరడం కొత్తగా వస్తుంది. వచ్చిన విద్య వాడకుండా ఎవరైనా ఊరుకుంటారా? మీరు పెట్టే ముద్ద కంటే కింద పడ్డ మెతుకు మీదే ఆమెకు ఆసక్తి. నోరు మూసుకోవడంలో సగం 'నేనే తింటాను' అని చెప్పడం. కింద పాత దుప్పటి పరిచి, ఒక పళ్లెంలో నాలుగు మెతుకులు, రెండు ముక్కలు వేసి వదిలేస్తే, పక్క నుంచి మీరు పెట్టే నాలుగు ముద్దలూ లోపలికి పోతాయి. ఇల్లు పాడవుతుంది, నిజమే. ఫోన్‌లో పాటలు పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా కుక్కితే గిన్నె ఖాళీ అవుతుంది. కానీ ఆకలి ఎప్పుడు తీరిందో తెలుసుకునే అవకాశం పిల్లకు దొరకదు.

నిజంగా టెన్షన్ పడాల్సిన చోటు

గ్రాముల గురించి ఇంత గొడవపడే ఇళ్లలో ఐరన్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. అంటే ఏడాది పండగ చేసుకుంటున్న ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరి సంగతి ఇది.

పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో కొంత ఐరన్ నిల్వతో వస్తుంది. ఆరు నెలలయ్యేసరికి అది కరిగిపోతుంది. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. అక్కడి నుంచి తిండే దిక్కు. సరిగ్గా అప్పుడే మనం అన్నం, పప్పుకట్టు, బిస్కెట్లు, ప్యాకెట్ పాలు మొదలుపెడతాం. ఆవుపాలు, గేదెపాలలో ఐరన్ దాదాపు ఉండదు. ఏడాది నిండకముందే రోజూ సీసాలకొద్దీ తాగిస్తే పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం పోయే అవకాశం కూడా ఉంది. పాలతో పొట్ట నిండిన పిల్ల అన్నం తినదు. అన్నం తినడం లేదని ఇంకో సీసా పాలు పడతారు. చాలా ఇళ్లలో చిక్కుముడి ఇక్కడే పడుతుంది. దాని మీద ఇంకో ముడి ఏమిటంటే, ఐరన్ తగ్గితే ఆకలే మందగిస్తుంది. అందుకే, తిండి తగ్గడంతోపాటు పిల్ల పాలిపోయినట్టుగా, డల్‌గా ఉంటే 'వయసు అలాంటిది' అని నేను చెప్పిన మాట పట్టుకుని కూర్చోవద్దు. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది.

తినే ఇళ్లలో మెత్తగా ఉడికించిన చికెన్, మేక లివర్, ముల్లు తీసిన చేప మొదలుపెట్టడానికి ఏడాది దాకా ఆగక్కర్లేదు. ఆరో నెల దాటాక ఎప్పుడైనా పెట్టవచ్చు. తినని ఇళ్లలో పప్పులు, ఆకుకూరలు ఉన్నాయి. వాటిలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి, అంటే టమాటా పప్పు, నాలుగు నిమ్మ చుక్కలు. రాగి జావ మంచిదే కానీ దాని గొప్పంతా కాల్షియంలో ఉంది, ఐరన్ కోసం దాని మీదే ఆధారపడితే సరిపోదు. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం మాత్రం తాతయ్యలు మానేయాలి. తిండిలో ఉన్న కాస్త ఐరన్‌నూ టీ ఒంటికి పట్టనివ్వదు.

ప్రభుత్వ పథకంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ సీసా ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్ మీద మూత తీయకుండా పడి ఉంటుంది. ఒకసారి వేస్తే మలం నల్లగా వచ్చిందని భయపడి ఆపేస్తారు. నల్లగా రావడం మామూలే. వేరే ఐరన్ మందు వాడుతుంటే మాత్రం రెండూ కలపకుండా డాక్టర్ని అడగాలి.

ఈ వయసులో ఉప్పు, పంచదార అవసరం లేదు. ఏడాది నిండేదాకా తేనె అసలు వద్దు, నాలుక మీద రాయడానికి కూడా. అరుదుగానైనా తేనెలో ఉండే ఒక బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తుంది.

తలుపు దగ్గర ఏడుపు

నాలుగు నెలల పాప ముందున్న గిలక మీద రుమాలు కప్పండి, ఆమె ఇంకెటో చూస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలల పాప రుమాలు లాగి గిలక తీసుకుంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే తన సొంత పిల్లల్ని గమనిస్తూ ఈ మార్పును నమోదు చేశాడు. కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందని పిల్లకు అప్పుడు తెలుస్తుందన్నాడు. అంతకంటే ముందే కొంత తెలుస్తుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఏదైనా, తొమ్మిదో నెల దాటిన పాపకు అమ్మ కనిపించనంత మాత్రాన లేకుండా పోలేదని తెలుసు. ఎక్కడో ఉంది. మరి ఎప్పుడొస్తుంది? అది మాత్రం తెలియదు. గంటంటే ఏమిటో, ఐదు నిమిషాలంటే ఏమిటో ఆమెకు ఇంకా అర్థం కాదు. బాత్రూమ్ తలుపు దగ్గర ఏడుపు ఈ సగం తెలివి వల్ల వచ్చిందే. గారాబం వల్ల కాదు. ఈ బెంగ చాలామంది పిల్లల్లో పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య బాగా ముదిరి, తర్వాత నెమ్మదిస్తుంది.

కొంగు మొహం మీద వేసుకుని తీసే దోబూచులాట ఈ వయసులో అంత రక్తి కట్టడానికి కారణమూ ఇదే. పోయినది తిరిగొస్తుందని నమ్మకం కుదిరేదాకా పిల్ల ఆ ఆటను వంద సార్లైనా ఆడిస్తుంది.

పని మీద బయటికెళ్లేటప్పుడు చాలా ఇళ్లలో చేసేది, పాపను ఆటలో పెట్టి వెనక గుమ్మం నుంచి జారుకోవడం. ఆ క్షణానికి ఏడుపు తప్పుతుంది. కానీ అమ్మ చెప్పాపెట్టకుండా మాయమవుతుందని తెలిసిన పిల్ల ఇక ఆటలో ఉన్నా ఒక కన్ను అమ్మ మీదే వేసి ఉంచుతుంది. టాటా చెప్పి, ముద్దు పెట్టి వెళ్లిపోవడమే మేలు. ఐదు నిమిషాలు ఏడిస్తే ఏడవనీ.

వెళ్లేటప్పుడు మన మొహం ఎలా ఉందన్నదీ ముఖ్యమే. 1985లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాది పిల్లల్ని బలమైన గాజు పలక మీద వదిలారు. కొంత దూరం వెళ్లాక గాజు కింద చిన్న గొయ్యి ఉన్నట్టు కనిపిస్తుంది. అవతలి పక్క అమ్మ ఉంటుంది. అమ్మ నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. భయం మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. పడ్డప్పుడు పిల్ల ముందు ఏడవదు, ముందు మన మొహం చూస్తుంది. క్రెష్ గుమ్మం దగ్గరా అంతే.

ఉద్యోగం చేసే తల్లుల విషయంలో ఇక్కడ ఒక అన్యాయం జరుగుతుంటుంది. 2017 సవరణ తర్వాత మన చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు వస్తుంది. అందులో కొన్ని వారాలు కాన్పుకు ముందే పోతే, పాపకు ఐదారు నెలలప్పుడు తల్లి ఆఫీసుకు వెళ్తుంది. అప్పుడు పాప పెద్దగా పట్టించుకోదు. మూడు నాలుగు నెలలు గడిచాక హఠాత్తుగా ఏడుపు మొదలవుతుంది. 'నువ్వు ఉద్యోగానికి వెళ్లబట్టే' అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. ఇంట్లోనే ఉన్న తల్లి పిల్లా ఇదే నెలలో ఇలాగే ఏడుస్తుందని ఎవరూ గుర్తు చేయరు. ఇదే మాట నాన్నను ఎవరూ అనకపోవడం గమనించండి.

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో దీని తీరు వేరు. అక్కడికి విజిటర్ వీసా మీద వెళ్లిన పెద్దవాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. కాబట్టి కాన్పుకు అమ్మమ్మ, తాతయ్య వస్తారు. వాళ్లు వెళ్లే సమయానికి నానమ్మ, తాతయ్య దిగుతారు. మొదటి మార్పు ఐదారు నెలలప్పుడు జరుగుతుంది, పాపకు పెద్దగా తెలియదు. రెండోది ఏడాది పండగ అయిపోయాక. పొద్దస్తమానం ఎత్తుకుని తిప్పిన మనిషి ఒక రోజు సూట్‌కేసులతో వెళ్లిపోతే, బెంగ ముదిరిన వయసులో ఉన్న పిల్ల ఆ గది తలుపు కొట్టి వెతుకుతుంది. తిండి తగ్గిస్తుంది, రాత్రి లేస్తుంది. అదే వారంలో డేకేర్‌లో వేస్తే పిల్లకు రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. నానమ్మ ఉండగానే డేకేర్ మొదలుపెట్టి, మొదట్లో రోజుకు గంట, రెండు గంటలు అలవాటు చేయడం తేలిక. టికెట్లు బుక్ చేసేటప్పుడే ఇది ఆలోచించుకోవాలి.

వెళ్లాక వీడియో కాల్ ఉంటుంది కదా అంటారు. మొదట్లో పాప ఫోన్ చూసి ఏడవొచ్చు, ఫోన్ వెనక్కి తిప్పి మనిషి కోసం వెతకొచ్చు. అయినా మానకండి. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ చూపించొద్దనే భారత పిల్లల వైద్యుల సంఘం, బంధువులతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. తాతయ్య పాప చప్పట్లకు తనూ చప్పట్లు కొడతాడు. టీవీలో బొమ్మ కొట్టదు. ఈ తేడా చిన్నది కాదు. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు 12 దఫాలు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాష శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషి అదే మాటలు టీవీలో చెబితే ఏమీ పట్టలేదు.

తెలుగు విషయంలో ఇది నేరుగా తగిలే సంగతి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి, ఇంట్లో ఆ శబ్దాలు వినపడనందున, ఎక్కువమందికి ఆ తేడా తెలియకుండా పోయింది. మన త, ట కూడా ఇవే కదా. 'రెండు భాషలు మాట్లాడితే పాపకు మాటలు ఆలస్యమవుతాయి' అని ఇంట్లో తెలుగు ఆపేసేవాళ్లున్నారు. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు. నానమ్మ వంటింట్లో పాపను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే సొద ఏ యాప్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇంటికొచ్చిన చుట్టాలకు ఒక మాట. పాప మీ దగ్గరికి రాకపోతే నొచ్చుకోకండి. లాక్కుని ఎత్తుకోకండి. కింద కూర్చుని ఆమెను పట్టించుకోనట్టు ఉంటే, కాసేపటికి తనే వచ్చి మీ గాజులో, కళ్లజోడో లాగుతుంది.

రాత్రి

నిద్ర గురించి పెద్దగా చెప్పేది లేదు. నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకు రోజు మొత్తం మీద 12 నుంచి 16 గంటలు, ఏడాది దాటాక 11 నుంచి 14 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల నిద్ర సుమారు గంటకోసారి పలచబడుతుంది. అప్పుడు కదిలిన పాప ఇదివరకు అటూ ఇటూ దొర్లి మళ్లీ పడుకునేది. ఇప్పుడు లేచి నిలబడటం వచ్చింది కాబట్టి నిలబడుతుంది. కూర్చోవడం ఎలాగో ఇంకా సరిగ్గా రాదు, అందుకని ఏడుస్తుంది. పగలు నిలబెట్టి మోకాళ్లు వంచి కూర్చోబెట్టడం ఆటలా నేర్పిస్తే రాత్రుళ్లు కొంత నయమవుతుంది.

మన ఇళ్లలో అసలు సమస్య నాన్న తొమ్మిదింటికి రావడం. పాపతో ఆయనకు దొరికేది ఆ గంటే. నిద్రలోకి జారుతున్న పిల్లను ఎగరేసి నవ్విస్తాడు, ఆమె పదకొండు దాకా పడుకోదు, మర్నాడంతా చికాకు. పొద్దున స్నానం, తిండి నాన్నకు అప్పజెప్పి రాత్రి ఆటను మానిపించడం చెప్పినంత సులువు కాదని తెలుసు, కానీ వేరే దారి నాకు కనిపించలేదు.

పళ్ల మీద తోసే నిందల్లో ఒకటి ప్రమాదకరం. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి, చొంగ కారుతుంది, చికాకు పడుతుంది. ఎక్కువ జ్వరం, నీళ్ల విరేచనాలు మాత్రం పళ్ల వల్ల రావు. నేల మీద దొరికినదంతా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి వస్తాయి. 'పళ్లొస్తున్నాయిలే' అని ఊరుకుంటే ఒంట్లో నీరు ఆరిపోతుంది. ఓఆర్‌ఎస్, డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజుల జింక్, మామూలు తిండి, తల్లిపాలు ఆపకుండా. పాప డీలా పడినా, ఉచ్చ తగ్గినా వెంటనే ఆసుపత్రికి.

అడుగులు

సాయం లేకుండా నడవడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలో తేలింది. అసలు పాకకుండానే నేరుగా నిలబడి నడిచినవాళ్లు కూడా అందులో ఉన్నారు, నూటికి నలుగురు. ఎనిమిదికీ పదిహేడుకీ మధ్య తొమ్మిది నెలల తేడా! పక్క ఫ్లాట్ బాబుతో పోటీకి అర్థమే లేదు.

మన పాత పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చుతుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. పిల్ల ఏది చేస్తే దానికి పంచేవారు, అంతేగానీ ఫలానా నెలలోపు చేయాలని ఎక్కడా లేదు. ఆ నెలల గడువులన్నీ తర్వాత వచ్చాయి, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో.

నడక నేర్చుకోవడం ఎంత పనో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం లెక్కపెట్టింది. 2012లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఈ లెక్క చూశాక వాకర్ ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. అందులో వేలాడుతూ మునివేళ్లతో నేలను తన్నే పిల్లకు తన బరువు తను మోయడమూ, పడి లేవడమూ రెండూ తప్పిపోతాయి. పైగా చక్రాల మీద క్షణంలో మెట్ల దాకా, స్టవ్ దాకా వెళ్లిపోతుంది. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. మన ఇళ్లలో పూర్వం ఉన్న చెక్క మూడు చక్రాల బండి వేరు. దాన్ని పిల్ల నిలబడి, తన కాళ్ల మీద తను తోసుకుంటుంది. అయినా పక్కన మనిషి ఉండాలి.

పడటం కంటే భయపడాల్సినవి ఇంట్లో చాలా ఉన్నాయి. బాత్రూమ్‌లో సగం నిండిన బకెట్ మొదటిది. తల బరువుకు ముందుకు పడ్డ పిల్ల చప్పుడు చేయకుండా మునిగిపోతుంది, జానెడు నీళ్లు చాలు. గట్టు మీంచి వేలాడే కుక్కర్ వైరు, కింద దించిన వేడి సాంబారు గిన్నె, మంచం పక్కన తాతయ్య షుగర్ మాత్రలు, దోమల మందు సీసా. రిమోట్‌లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా ఆగకూడదు. పల్లీలు, శనగలు, గుండు ద్రాక్ష ఐదేళ్ల దాకా గింజలుగా వద్దు. పల్లీలు మెత్తటి పొడి చేసి అన్నంలో కలపండి.

నడక కంటే నేను చూడమనేది వేలు చూపించడం. 'కాకి ఏది? ఫ్యాన్ ఏది? చందమామ ఏది?' అని అడిగే మన ఆట ఉందిగా. పాప అటు చూడటం, వేలు చూపించి మళ్లీ మన మొహం చూడటం, 'నేను చూసింది నువ్వూ చూశావా' అని అడగడం. మాటలకు ముందు వచ్చే మెట్టు అది. ఏడాదికి ఒకటి రెండు మాటలు వస్తే సంతోషం, రాకపోయినా పరవాలేదు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, శబ్దాలకు స్పందించకపోవడం, 'బబబ, దదద' కూడా అనకపోవడం, టాటా గానీ వేలు చూపడం గానీ లేకపోవడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన విద్య పోవడం, ఇవి కనిపిస్తే 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి' అని ఆగొద్దు. ప్రభుత్వ బాల స్వాస్థ్య బృందాలు అంగన్‌వాడీల్లో ఈ పరీక్ష ఉచితంగానే చేస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన పాపకైతే ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు తీసేసి లెక్కపెట్టాలి.

పండగ ముందు కార్డు తీయండి

ప్రభుత్వ టీకాల్లో మూడున్నర నెలల తర్వాత తొమ్మిదో నెల దాకా సూది ఉండదు. ఆ విరామంలో కార్డు ఎక్కడో అడుగున పడిపోతుంది. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్–రుబెల్లా మొదటి డోసు, న్యుమోనియా టీకా బూస్టరు, మూడో పోలియో సూది, లక్ష యూనిట్ల విటమిన్ ఎ చుక్కలు, కొన్ని జిల్లాల్లో మెదడువాపు టీకా ఉంటాయి. ఇవన్నీ ఏడాదిలోపు పడాలి. హాలు బుక్ చేయడానికి ముందే ఒకసారి కార్డు తీసి చూడండి. తర్వాతివి ప్రభుత్వ లెక్కలో 16 నెలలకు.

ఏడాది నిండగానే పాలు, తేనె మీద ఆంక్షలు పోతాయి. పాలు మాత్రం రోజుకు అర లీటరు దాటనివ్వకండి. తల్లిపాలు రెండేళ్ల దాకా, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు.

ఇక పుట్టినరోజు. పొద్దున తిథి ప్రకారం పూజ, హోమం. సాయంత్రం తేదీ ప్రకారం హాల్లో ఫంక్షన్. కార్డు మీద ఏడింటికని ఉంటుంది, చుట్టాలు ఎనిమిదిన్నరకు వస్తారు. పాప పడుకునే వేళ అది. కొత్త మనుషులంటే బెదిరే నెల, కుచ్చుల గౌను గీరుకుంటుంది, బెలూన్లు పగులుతాయి, స్పీకర్లు మోగుతాయి, రెండొందల మంది చేతులు చాస్తారు. ఫోటోల్లో ఎక్కువమంది పిల్లలు ఏడుస్తూ ఉండేది అందుకే. వీలైతే మధ్యాహ్నం భోజనానికి పిలవండి, పాప పొద్దుటి కునుకు తీసి లేచిన తర్వాత. రాత్రే చేయాలనుకుంటే ఆరింటికి దగ్గరివాళ్ల మధ్య కేక్ కోయించేసి, ఫోటోగ్రాఫర్‌ని ముందే రమ్మని, ఏడున్నరకు పాపను పక్క గదిలో అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టేయండి. ఆలస్యంగా వచ్చినవాళ్లు భోంచేసి వెళ్తారు.